జాక్ రస్సెల్ టెరియర్‌ను మా రాయగడ ఎండల్లో పెంచవచ్చా?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మాది రాయగడ. పెరడున్న పాత ఇల్లు, చుట్టూ ప్రహరీ, వెనుక గోడ అవతల పొదలు. మా అబ్బాయికి పదేళ్లు. ఎక్కడో వీడియో చూసి జాక్ రస్సెల్ టెరియర్ అనే కుక్క కావాలని పట్టుపట్టాడు. విశాఖలో ఒకాయన దగ్గర నెల రోజుల పిల్లలున్నాయట. ‘మినీ రకం అండీ, ఒళ్లో కూర్చుంటుంది, అసలు అరవదు’ అని ఫోనులో చెప్పారు. నేను, నా భార్య ఉద్యోగాలకు వెళ్తాం. పగలంతా మా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. వేసవిలో మా ఊరి సంగతి మీకు తెలిసిందే. తిండి, రోగాలు, స్వభావం అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. పొగడ్తలు అమ్మే ఆయన దగ్గర చాలినన్ని విన్నాను.

గుణుపురం_పంతులమ్మ

జాక్ రస్సెల్ అరవదన్నారా? ఆయన దగ్గర మాత్రం కొనకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

బరంపురం_పెద్దబజారు

ఎందుకండీ ఈ విదేశీ మోజు? మీ వీధిలోనే ఏ కుక్కో నాలుగు పిల్లలను పెట్టి ఉంటుంది. ఒకదాన్ని తెచ్చుకుని టీకాలు వేయించండి. ఎండకూ వానకూ తట్టుకుంటుంది, పెట్టింది తింటుంది, ఇల్లు కాస్తుంది. ఇంకో విషయం, టెరియర్ జాతులను ప్రభుత్వం నిషేధించిందని విన్నాను. కొని, తర్వాత స్టేషను చుట్టూ తిరగాలా?

గుణుపురం_పంతులమ్మ

పెద్దబజారు గారూ, వీధి కుక్కపిల్ల సంగతిలో మీతో నాకు పేచీ లేదు, మా ఇంట్లో అదీ ఉంది. నిషేధం మాట మాత్రం సగమే విన్నారు. 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖలో 23 రకాల కుక్కల పేర్లున్నాయి. అందులో పిట్‌బుల్ టెరియర్ ఉంది, రాట్‌వైలర్ ఉంది. జాక్ రస్సెల్ లేదు. ఆ లేఖను కూడా మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది.

నాగావళి గారూ, మా ఇంట్లో జాక్ రస్సెల్ ఆడది ఉంది, పేరు బుడిగి. దాని గుణాలు ఒక్కొక్కటిగా చెప్పే కంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తే మీకే అర్థమవుతుంది.

ఇంగ్లండులోని డెవన్‌లో జాన్ రస్సెల్ అని ఒక మతగురువు ఉండేవారు. 1795లో పుట్టి 1883లో పోయారు. నక్కల వేటంటే ఆయనకు ప్రాణం. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గర తెల్లటి ఆడ టెరియర్ కనిపిస్తే అక్కడికక్కడే కొనేశారు. దాని పేరు ట్రంప్. కళ్ల మీద, చెవుల మీద, తోక మొదట్లో ముదురు గోధుమరంగు మచ్చలు, మిగిలిన ఒళ్లంతా తెలుపు. ఈ వంశానికి మూలం అదేనని చెప్తారు. తెలుపునే ఎందుకు కోరుకున్నారంటే, వేట హడావుడిలో ఎర్రటి నక్క అనుకుని తమ కుక్క మీదే పడకుండా.

వేటలో దీని పని ఏమిటి? పెద్ద కుక్కలు తరిమితే నక్క బొరియలో దూరుతుంది. ఈ పొట్టిది వెనకాలే లోపలికి వెళ్లి, నక్కను చంపకుండా, ఎదురుగా నిలబడి ఆపకుండా మొరగాలి. నక్క బయటికి పరుగెత్తాలి, లేదా పైనున్న మనుషులు మొరుగుడు విని ఎక్కడ తవ్వాలో తెలుసుకోవాలి. లోపల చీకటి. యజమాని కేక వినపడదు. ముందుకు పోవాలో వెనక్కి తగ్గాలో తనే తేల్చుకోవాలి.

ఇప్పుడు చూడండి. మొరగడం, తవ్వడం, పిలిస్తే పలకకపోవడం. మనం తప్పులని తిట్టే ఈ మూడూ దానికి విద్యలు. రెండు వందల ఏళ్లుగా వాటి కోసమే ఏరి ఏరి పెంచారు. తిట్టినా కొట్టినా పోయేవి కావు. వాటికి ఒక చోటు చూపించగలిగితే పెంచండి, లేదంటే మానుకోండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అక్కయ్యా, చాలా సంగతులు చెప్పారు. మరి ‘మినీ’ అంటున్నారు కదా, అది వేరే జాతా?

మహేంద్రతనయ_పశువైద్యం (పర్లాకిమిడి)

అలాంటి వేరే జాతి లేదు. నేను విశ్రాంత పశువైద్యుణ్ణి. అంతర్జాతీయ కెనైన్ సమాఖ్య ప్రమాణం ప్రకారం జాక్ రస్సెల్ భుజం దగ్గర ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు. ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక కిలో చొప్పున బరువు, అంటే 5 నుంచి 6 కిలోలు. కాస్త పొడుగు కాళ్లున్న రకాన్ని పార్సన్ రస్సెల్ అంటారు. అంతకంటే బాగా చిన్నదని చెప్పి అమ్ముతున్నారంటే అది బలహీనపు పిల్ల కావచ్చు, తిండి తక్కువ పెట్టిన పిల్ల కావచ్చు, చువావా అనే బుల్లి జాతి కుక్కతో కలిపిన సంకరం కావచ్చు.

ఎదిగిన కుక్కను చూసేటప్పుడు ఒక పాత పరీక్ష ఉంది. వెనక నుంచి రెండు చేతులూ చాచి, ముందుకాళ్ల మోచేతుల వెనక ఛాతీని చుట్టండి. బొటనవేళ్లు వెన్ను మీద, మిగతా వేళ్లు రొమ్ము కింద కలవాలి. కలిస్తే నక్క బొరియలో ఇరుక్కోదని లెక్క. నొక్కి చూస్తే ఛాతీ గట్టి చెక్కలా కాకుండా కొంచెం అణగాలి. మన ఇళ్లలో నక్క బొరియలు లేవు గానీ, ఒళ్లు చేసిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత లేదు. నా దగ్గరికి వచ్చే జాక్ రస్సెళ్లలో చాలావాటికి వేళ్లు కలవవు. అన్నం పెట్టి పెట్టి అలా చేస్తారు.

అన్నట్టు, నెల రోజుల పిల్ల అన్నారు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆ చివరి వారాల్లోనే ఎంత గట్టిగా కొరకవచ్చో నేర్చుకుంటుంది. టెరియర్ విషయంలో ఆ చదువు ఎగ్గొడితే ఆ అప్పు మీ అబ్బాయి చేతులు తీరుస్తాయి.

బరంపురం_పెద్దబజారు

డాక్టరు గారూ, అన్నం పెడితే తప్పా? మా తాతల నాటి నుంచి కుక్కలు చద్దన్నం తిని బతికాయి.

మహేంద్రతనయ_పశువైద్యం (పర్లాకిమిడి)

తప్పని అనలేదు. పరిమాణం చూడాలి. ఆరు కిలోల కుక్కకు రోజు మొత్తానికి కావలసింది సుమారు 400 క్యాలరీలు. వంద గ్రాముల బియ్యం వండితే దాదాపు 350 క్యాలరీలు అక్కడే అయిపోతాయి, మాంసకృత్తులకు చోటే ఉండదు. గుప్పెడు అన్నం, ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, కొంచెం గుమ్మడి లేదా బీన్స్. చోడి (రాగి) అంబలి పలచగా, ఉప్పు లేకుండా పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దు. కోడి ఎముకలు ఉడికినవి అసలే వద్దు, చీలి గుచ్చుకుంటాయి.

జయపురం_కాఫీతోట

చర్చ ఆలస్యంగా చూశాను. నా దగ్గర మగ కుక్క ఉంది, గరుకు బొచ్చు రకం. జాక్ రస్సెల్‌కు బొచ్చు మూడు రకాలు: నునుపు, గరుకు, ఈ రెండింటికీ మధ్యస్థం. మీరు రాయగడలో ఉంటారు కాబట్టి నునుపు రకం చూసుకోండి. ఎండకు కొంత నయం. అయితే తెల్ల వెంట్రుకలు ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటాయి. నల్ల ప్యాంటు వేసుకునే ఉద్యోగమైతే ఆలోచించుకోండి! గరుకు రకానికి చచ్చిన బొచ్చు చేత్తో లాగాలి. కత్తెర వేస్తే ఆ గరుకుతనం పోతుంది.

ఇక పని సంగతి. పొద్దున, సాయంత్రం వీధి చివరి దాకా నడిపించి తీసుకొస్తే దీనికి చాలదు. కాళ్లతో పాటు బుర్ర కూడా అలసిపోవాలి. మేము పెరట్లో ఒక మూల ఇసుక గుంట చేశాం. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, చుట్టూ ఇటుకలు. రోజూ పొద్దున నాలుగైదు చోట్ల బిస్కెట్ ముక్కలు పాతిపెడతాను. ముక్కు నేలకు ఆనించి, తోక నిటారుగా లేపి, ఇసుక కాళ్ల సందు నుంచి వెనక్కి ఎగజిమ్ముతూ తవ్వుతుంది. అది అయ్యాక నీళ్లు తాగి, తడి ముక్కుకు అంటిన ఇసుకతోనే నా కాలి మీద తల పెట్టి పడుకుంటుంది. ఈ గుంట పెట్టిన తర్వాత మిరప మొక్కల జోలికి పోవడం దాదాపు మానేసింది. ‘దాదాపు’ అనే అంటున్నాను.

గోడ ఎత్తు ఎంత మీది?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

నాలుగున్నర అడుగులు ఉంటుంది. గేటు కింద జానెడు ఖాళీ.

జయపురం_కాఫీతోట

గేటు కింద ఖాళీ మూసేయండి ముందు. జానెడు దానికి రాజమార్గం. గోడ పక్కన కట్టెల పేర్పు, డ్రమ్ము ఏవీ ఉంచకండి, మెట్లుగా వాడుకుని ఎక్కేస్తుంది. బయట మాత్రం ఎప్పుడూ తాడు విడవకండి. ఎంత బాగా నేర్పినా, ఉడుత కనిపించిందంటే మీ పిలుపు దాని చెవికి చేరదు. మెడపట్టీ కంటే ఛాతీకి కట్టే పట్టీ మంచిది.

సిరొంచ_ప్రాణహిత

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ధాన్యం గిడ్డంగి ఉంది. పందికొక్కుల కోసమే టెరియర్‌ను పెంచుతున్నాం. పట్టుకుని ఒక్క విదిలింపు, అంతే. పిల్లులు చూసి వదిలేసిన పెద్దవాటిని కూడా ఇది వదలదు. మా దగ్గర దీనికి ఇది ఆట కాదు, ఉద్యోగం.

కానీ ఒక హెచ్చరిక. ఎలుకల మందు వాడే ఇంట్లో, పొలంలో ఈ కుక్కను తిప్పకండి. మందు తిన్న ఎలుకను ఇది తింటే విషం దీనికీ ఎక్కుతుంది. మా పక్క పొలంలో మందు పెట్టిన సంగతి వాళ్లు మాకు చెప్పలేదు. మూడో రోజుకు కుక్క చిగుళ్లు పాలిపోయాయి, ముక్కులోంచి రక్తం. వైద్యుడు సమయానికి చూశారు కాబట్టి దక్కింది.

మహేంద్రతనయ_పశువైద్యం (పర్లాకిమిడి)

ప్రాణహిత గారు చెప్పింది బ్రోమాడియోలోన్ రకం మందు అయి ఉంటుంది. అది రక్తం గడ్డకట్టనివ్వదు. లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది, అందుకే జనం మోసపోతారు. దానికి విటమిన్ కె1 విరుగుడు, వారాల తరబడి ఇవ్వాలి. అదే జింక్ ఫాస్ఫైడ్ అయితే, పొలాల్లో నల్ల పొడిగా వాడేది, దానికి విరుగుడు లేదు, గంటల్లో ముంచేస్తుంది. మందు పొట్లం దొరికితే పారేయకుండా వైద్యుడి దగ్గరికి పట్టుకెళ్లండి.

నాగావళి గారూ, వెనుక గోడ అవతల పొదలన్నారు కాబట్టి పాముల మాట కూడా చెప్పాలి. టెరియర్ పామును చూస్తే వెనక్కి తగ్గదు. నాగు, కట్లపాము, రక్తపింజర మూడూ మన వైపు ఉన్నాయి. (రక్తపింజరకు ఇంగ్లీషువాళ్లు తగిలించిన రస్సెల్ పేరు ఈ మతగురువుది కాదు. 18వ శతాబ్దం చివర్లో మన విశాఖపట్నంలో ఉండి ఈ తీరపు పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడిది. ఇద్దరు రస్సెళ్లు మీ పెరట్లో తలపడకుండా చూసుకోండి.) కాటు పడితే కట్టు కట్టడం, కోయడం వద్దు. నడిపించకుండా ఎత్తుకుని తీసుకురండి. మనుషులకు వాడే విరుగుడు మందే కుక్కలకూ పనిచేస్తుంది. పొదలు కొట్టించి, గోడ పక్క రాళ్ల కుప్పలు తీయించండి. వానాకాలంలో కప్పలను నోట పెట్టి నురగ కక్కితే కంగారు పడకండి. తల కిందికి వంచి, లోపలికి పోకుండా నోరు నీళ్లతో కడగండి. నురగ తగ్గకపోతే తీసుకురండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

డాక్టరు గారూ, ధన్యవాదాలు. ఈ జాతికి ప్రత్యేకంగా వచ్చే రోగాలు ఏమైనా ఉన్నాయా? ఎండ, పిడుదుల సంగతి కూడా చెప్పండి.

మహేంద్రతనయ_పశువైద్యం (పర్లాకిమిడి)

మొత్తం మీద గట్టి కుక్క. బాగా చూసుకుంటే 13 నుంచి 16 ఏళ్లు బతుకుతుంది. వంశంలో వచ్చేవి కొన్ని ఉన్నాయి. అన్నిటి కంటే భయపడవలసింది కంటిది. కంటిలోని కటకం తన చోటు నుంచి జారిపోతుంది. సాధారణంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వస్తుంది. కన్ను ఎర్రబడటం, నీళ్లు కారడం, వెలుతురు చూడలేక మూసుకోవడం కనిపిస్తే ‘దుమ్ము పడిందేమో’ అని చుక్కలు వేస్తూ కూర్చోకండి. లోపలి ఒత్తిడి పెరిగితే ఒకటి రెండు రోజుల్లో చూపు పోతుంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యులోపం వస్తేనే ఎక్కువగా ఈ జబ్బు వస్తుంది. దానికి జన్యు పరీక్ష ఉంది, అమ్మేవాళ్లను అడగండి. ఎవరూ చేయించి ఉండరు, అయినా అడగండి. అడిగినప్పుడు వాళ్ల ముఖం చూస్తే కొంత తెలుస్తుంది.

మోకాలి చిప్ప జారడం మరొకటి. పరుగెత్తుతూ ఉన్నట్టుండి వెనుక కాలు ఎత్తి రెండు మూడు గంతులు వేసి, మళ్లీ మామూలుగా పరుగెడుతుంది. చూసేవాళ్లకు ముద్దుగా ఉంటుంది, ముద్దు కాదది. పూర్తి తెల్లగా ఉన్న పిల్లల్లో చెవుడు ఉండవచ్చు. పిల్ల చూడకుండా దాని వెనక తాళాల గుత్తి కదపండి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలకొకసారి. రేబీస్ మూడో నెల నిండాక, తర్వాత ఏటా. ఎలుకలు పట్టే కుక్క కాబట్టి ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా మానకండి. అది మనుషులకూ అంటుకుంటుంది.

పిడుదులను తేలిగ్గా తీసుకోకండి. మన జిల్లాల్లో నేను చూసిన కుక్కల జ్వరాల్లో చాలావాటికి అవే మూలం. వాటితో వచ్చే జబ్బుల్లో ఎర్లీకియా అయితే జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం. బబీసియా అయితే మూత్రం కాఫీ రంగులో వస్తుంది. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వేలితో తడమండి. శనగగింజంత బూడిదరంగు బుడిపె తగిలితే అదే. నలపకండి, పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగండి. నెలకు, మూడు నెలలకు పనిచేసే నమిలే మాత్రలున్నాయి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందుగా వైద్యుడికి చెప్పండి. కుక్కకు మందు వేసి గోడ పగుళ్లు వదిలేస్తే లాభం లేదు, గుడ్లు అక్కడే ఉంటాయి.

ఎండలో నడక పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. ఈ జాతి అలసిపోయానని చెప్పదు, పడిపోయేదాకా బంతి వెంట పరుగెడుతుంది. ఆపవలసింది మీరే. వడదెబ్బ తగిలితే మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే బయలుదేరండి.

బరంపురం_పెద్దబజారు

ఇంత చదివాక నా మాటే నెగ్గినట్టుంది. ఇసుక గుంట, జన్యు పరీక్ష, పట్టకారు... కుక్కా, కలెక్టరుగారా?

గుణుపురం_పంతులమ్మ

ఇసుక గుంట తప్ప మిగతావన్నీ మీ వీధి కుక్కపిల్లకూ కావాలి, పెద్దబజారు గారూ. పిడుదు జాతి అడిగి కుడుతుందా?

పైగా ఇంత శ్రమ ఎందుకు పడతామో కూడా రాయాలి. గ్రామఫోను రికార్డుల మీద బాకా ముందు తల వాల్చి కూర్చున్న కుక్క గుర్తుందా? దాని పేరు నిప్పర్, 1884లో బ్రిస్టల్‌లో పుట్టిన టెరియర్ సంకరం. ఆ వాల్చిన తల చిత్రకారుడి కల్పన కాదు. బుడిగి రోజూ అలాగే చూస్తుంది. మా వారు ఫోనులో ఒడియాలో మాట్లాడితే ఒక పక్కకు, తెలుగులో మాట్లాడితే ఇంకో పక్కకు వాలుస్తుందని మా అమ్మాయి పందెం కాస్తుంది. పోస్టుమ్యాన్ అడుగుల చప్పుడు వీధి మొదట్లోనే గుర్తుపడుతుంది. మనిషి మనసు బాగాలేని రోజున మాత్రం వచ్చి పక్కన కూర్చుని కదలదు, ఆ రోజు మొరగదు కూడా.

అయితే చిన్నపిల్లల విషయం నిక్కచ్చిగా చెప్తాను. తోక లాగితే, తింటుంటే గిన్నెలో చేయి పెడితే ఇది ఊరుకోదు. మీ అబ్బాయికి పదేళ్లు కాబట్టి చెప్తే వింటాడు. అసలు కష్టం మీ అమ్మగారిది. పిల్ల కుక్క మొదటి ఏడాది కాళ్ల మధ్య పరుగెడుతూనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ తూలి పడితే?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అదే నన్నూ ఆపుతోంది. అమ్మ ‘తెచ్చుకోండి’ అంటోంది గానీ, మనవడి కోసం అంటోంది.

జయపురం_కాఫీతోట

అయితే పిల్లనే ఎందుకు కొనాలి? కొరాపుట్‌లో నాకు తెలిసినవాళ్లు విదేశానికి వెళ్తున్నారు. వాళ్ల దగ్గర నాలుగేళ్ల మగ జాక్ రస్సెల్ ఉంది. నునుపు బొచ్చు, కుటుంబ నియంత్రణ ఆపరేషను అయింది, ఇంట్లో మలమూత్రాలు చేయదు. పిల్లదనపు దూకుడు తగ్గింది. పేరు పింటు. ఇల్లు కుదరక రోజూ నాకు ఫోను చేస్తున్నారు. ఈ జాతి కుక్కలు ఇలా నడివయసులో ఇళ్లు మారడం చాలా చోట్ల చూశాను. కొన్నప్పుడు ఎవరూ చెప్పరు, తర్వాత ఎవరూ భరించరు. డబ్బు అడగరు. ఇల్లు చూసి ఇస్తారు.

ఒక లోపం ముందే చెప్తున్నాను, పిల్లులతో అసలు పడదు.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

మా ఇంట్లో పిల్లి లేదు. ఆదివారం వచ్చి చూస్తాం. రైలులో తీసుకురావచ్చా?

సిరొంచ_ప్రాణహిత

రైలులో అయితే మొదటి తరగతి ఏసీలో కూపే మొత్తం దొరకాలి, లేకపోతే గార్డు పెట్టె దగ్గర కుక్కల గూడులో వేస్తారు. ఈ ఎండల్లో ఆ గూడు వద్దు. కారు మాట్లాడుకోండి. బయలుదేరే ముందు తిండి పెట్టకండి, ఘాట్ రోడ్డులో వాంతి చేసుకుంటుంది.

గుణుపురం_పంతులమ్మ

మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. పగలంతా దానితో ఉండేది ఆవిడే కదా. ఆవిడ కుర్చీలో కూర్చోవాలి, పింటు తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఎవరూ పిలవకూడదు. మీద ఎగబడుతుందా, వాసన చూసి కూర్చుంటుందా గమనించండి. తింటున్నప్పుడు వాళ్ల యజమానిని గిన్నె తీయమనండి, మీరు తీయకండి. అక్కడ వాడే దుప్పటి ఒకటి ఉతకకుండా తెచ్చుకోండి.

మహేంద్రతనయ_పశువైద్యం (పర్లాకిమిడి)

టీకాల పుస్తకం అడిగి, చివరి రేబీస్ తేదీ చూడండి. నాలుగేళ్లంటే ఆ కంటి జబ్బు వచ్చే వయసే. రెండు కళ్లనూ పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పరీక్ష చేయించాలనిపిస్తే మీకు విశాఖ ఉంది, గరివిడి పశువైద్య కళాశాల ఉంది.

బరంపురం_పెద్దబజారు

సరే, ఓడిపోయాను. ఒక్క అనుమానం మిగిలింది. కార్తీకమాసంలో మీ ఇంట్లో నీసు వండరు కదా. నెల రోజులూ ఆ పింటుకు గుడ్డు ఎవరు ఉడికిస్తారు?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అమ్మను అడిగాను. వెనుక వరండాలో వేరే స్టవ్వు, వేరే గిన్నె పెట్టుకోమంది. ఉడికించడం మాత్రం నా పనేనట. ఆదివారం కళ్ల ఫొటోలు పెడతాను, డాక్టరు గారూ.